క్రషర్ నోరు నింపిన మధ్యాహ్నం

తొంభైల చివర్లో గచ్చిబౌలి వైపు రోడ్డు వేస్తున్నప్పుడు నేను సైటు ల్యాబులో ఇంజనీరుని. చుట్టూ బండలు పేల్చి అద్దాల భవనాలు లేపుతున్నారు. కూల్చిన పాత కట్టడాల కాంక్రీటు ముక్కల్ని మళ్లీ కంకరగా కొట్టి తారులో కలిపి చూద్దామని మా పెద్ద ఇంజనీరుకు బుద్ధి పుట్టింది. ఆ కంకరతో చేసిన తారు దిమ్మలు బలం పరీక్షలో నిలిస్తే ఆ ముక్కల్ని కొట్టే యంత్రం, క్రషర్, ఇక్కడే ఉంటుంది. లేదంటే మూసేస్తారు.

నిలవలేదు. పగిలిన దిమ్మను విప్పి చూస్తే నలుపులో తెల్లటి మరకలు. కంకర పలచగా, పెంకుల్లా వచ్చింది. దిమ్మను సుత్తితో దట్టించేటప్పుడే ఆ పెంకులు విరిగి, తారు అంటని ముఖాలు బయటపడ్డాయి. నాలుగు పక్కలా మందంగా ఉన్న రాయి పక్క రాయిని పట్టుకుని నిలబడుతుంది. పెంకు దేన్నీ పట్టుకోదు.

ఒళ్లు మండి క్రషర్ దగ్గరికి వెళ్లాను. దాన్ని నడిపేది పాలమూరు మనిషి. లింగంపల్లిలో కిరాయి గదిలో పెళ్లాం, ఇద్దరు పిల్లలు. ఆ క్రషర్ ఉంటేనే అతనికి ఇక్కడ పని. అలాంటివాడు ఒక్కో ముక్కనీ తిప్పి తిప్పి చూసి యంత్రం నోట్లో వేస్తున్నాడు.

"ఏందయ్యా, చంటిపిల్లకు బువ్వ పెడుతున్నవా? నోరు నిండా వెయ్యి. రాళ్లు ఒకదాన్నొకటి నలుపుకుంటేనే మంచి కంకర పడుతది."

"ఈ ముక్కల లోపట ఇనుప సలాకలుంటయి మేడం. ఇరుక్కుంటే ఎగిరి తంతయి. మా బావ చెయ్యి గిట్లనే పోయింది."

మనుషుల్ని పెట్టి ముందే ఇనుము ఏరిద్దామని పెద్ద ఇంజనీరును అడిగాను.

"అంతమందిని పెట్టే బదులు కొత్త కంకరే తెప్పించుకోవచ్చు కదండీ. నోరు నింపమనండి, చూద్దాం."

వెళ్లి చెప్పాను. అతను పార అందుకున్నాడు. నేను పక్కనే నిలబడ్డాను. నోరు నిండింది. కింద పడే కంకర చూస్తే దిట్టంగా, చదరంగా ఉంది. ప్రాణం లేచొచ్చింది నాకు.

అంతలో యంత్రం చప్పుడు మారింది. లోపల ఇరుక్కున్న సలాక ఒక్కసారిగా పైకి లేచి తన్నింది. పార రెండు ముక్కలైంది. అతని చేతిలో జానెడు కర్ర మిగిలింది.

పరుగెత్తి స్విచ్ ఆపేశాను. అతను మాత్రం వంగి కంకర వంక చూస్తున్నాడు.

"రాయి మంచిగొచ్చిందా మేడం?"

"వచ్చింది."

"అయితే స్విచ్ ఎయ్యుండ్రి. ఇంకో పార తెస్త."

ఎయ్యలేదు. పడిన కంకరతోనే దిమ్మలు చేశాను. ఈసారి బలం సరిపోయింది. దిమ్మనూ, ఆ విరిగిన కర్రనూ పెద్ద ఇంజనీరు బల్ల మీద పక్కపక్కన పెట్టి, "కంకర బాగుంది సార్. కానీ ఇలా కొట్టించడానికి నేను ఒప్పుకోను" అన్నాను. ఆయన కర్రను అటూ ఇటూ తిప్పి చూసి పక్కకు పెట్టారు. ఆ వారమే క్రషర్ మూతపడింది.

ఊరికి వెళ్లిపోయే రోజు అతను ల్యాబు గుమ్మం దగ్గరికి వచ్చాడు. పెళ్లాం, పిల్లలు మూటలతో రోడ్డు పక్కన నిలబడి ఉన్నారు.

"చెయ్యి కాపాడిండ్రు మేడం" అని రెండు అరచేతులూ నా ముందు చాపాడు. "ఇగ వీటికి పని చూపియ్యుండ్రి."

నా దగ్గర పని లేదు.