కడగని కణాలు

తొమ్మిదేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. దాని పుణ్యమా అని నాకు డాక్టరేట్ వచ్చింది, ఉద్యోగం వచ్చింది, మా జగ్గయ్యపేటలో పిలిచి శాలువా కప్పారు. ఆ ఫొటో చూసినప్పుడల్లా ఒళ్ళు మండిపోతుంది. ఎవరి మీద? మీ దగ్గరైనా నిజం చెప్పాలి కదా. నా మీదే.

నా పరిశోధన ఊపిరితిత్తులు గట్టిపడిపోయే జబ్బు మీద. పీచు పేర్చమని కణాలను ఎగదోసే ప్రోటీన్ ఒకటుంది, గ్రోత్ ఫ్యాక్టర్ అంటాం. అది ముందు కణం పైన అంటుకుంటుంది. తర్వాత కణం దాన్ని చిన్న సంచిలో చుట్టి లోపలికి లాక్కుంటుంది. జబ్బు కణాలు మామూలు వాటికంటే ఎక్కువ లాక్కుంటాయని నేను చూపించాలి. ఆ ప్రోటీన్‌కి మెరిసే రంగు తగిలించి, కణాలకిచ్చి, కాసేపు వెచ్చగా ఉంచి ఫొటో తీస్తాం. తీసేముందు చల్లటి ఆసిడ్‌తో కడగాలి. పైన అంటుకున్నదంతా పోయి, లోపలికెళ్ళింది మాత్రమే మెరుస్తుంది.

ఆ రోజు నేను కడగలేదు. కావాలని కాదు, మర్చిపోయాను. ఫొటోలు ధగధగా వచ్చాయి. మా గైడు సారు ల్యాబ్‌లో అందర్నీ పిలిచి చూపించారు. సాయంత్రం సర్దుతుంటే, సీలు కూడా తియ్యని ఆసిడ్ సీసా కనిపించింది. అప్పుడైనా చెప్పొచ్చు కదా? చెప్పలేదు.

నా జూనియర్‌ని శ్రావణి అందాం, అసలు పేరు కాదు. నందిగామ అమ్మాయి. మన వైపు అక్క ఉంది కదా అని నన్ను నమ్ముకుని ఆ ల్యాబ్‌లో చేరింది. వాళ్ళ నాన్న కంకర మిల్లులో ఏళ్ళ తరబడి దుమ్ము పీల్చి, నాలుగడుగులు వేస్తే ఆయాసపడే స్థితికొచ్చాడు. అందుకే ఈ జబ్బు మీదే పనిచేస్తానంది. నా ప్రయోగాన్నే మళ్ళీ చేసింది. కడగాల్సినట్టు కడిగి చేసింది.

"అక్కా, మీరు ఆసిడ్ వాష్ చేశారా?"

"చేసా. ఏం?"

"నేను మూడుసార్లు చేసానక్కా. లోపల దాదాపు ఏం కనపడట్లా."

"గట్టిగా పోసుంటావ్, సెల్సే కొట్టుకుపోయుంటయ్. చేతగానప్పుడు అడగాలి."

మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది. అక్కడితో ఊరుకున్నానా? సారు దగ్గరికెళ్ళి, ఆ అమ్మాయికి చెయ్యి నిలకడగా ఉండదని చెప్పాను. ఆ ల్యాబ్‌లో అంత నెమ్మదైన చెయ్యి ఇంకొకటి లేదని తెలిసే చెప్పాను. సారుకి పరిశోధన పేపర్ అచ్చవ్వాలి, ఆయన ఒక్క ప్రశ్న వెయ్యలేదు. ఆయన మీద కూడా నాకు కోపమే. కానీ నమ్మించింది ఎవరు? ఆ అమ్మాయిని ఆ పని నుంచి తప్పించేశారు. నెల తిరక్కుండా శ్రావణి సామాను సర్దుకుని నందిగామ వెళ్ళిపోయింది.

పోయిన వారం, ఆ ఫొటోలు తప్పని మా పేపర్ అచ్చేసిన సైన్సు పత్రికకు రాశాను. తర్వాత నందిగామ బస్సెక్కాను. శ్రావణి అక్కడే ఇంటర్ పిల్లలకు పాఠాలు చెబుతోంది. వరండాలోనే నిలబడి మొత్తం చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"లోపల నాన్నున్నాడు. ఆయనకి చెప్పండి," అంది. అక్కా అనలేదు. "నేను చేతగాక వచ్చేసాననే అనుకుంటన్నాడు ఇంకా."

ఆయన ముక్కుకి ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. నేనెవరో చెప్పాను.

"మీ అమ్మాయి చేసింది కరెక్టేనండి. అబద్ధం చెప్పింది నేను."

ఆయన చాలాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు.

"ఇన్నేళ్ళూ దాన్నే తిట్టానమ్మా నేను," అన్నాడు.

శ్రావణి గోడవైపు తిరిగింది. క్షమించమని నేను అడగలేదు. అడిగే మొహం నాకు లేదు. కూర్చోమని ఎవరూ అనలేదు, నిలబడే మిగతాదంతా చెప్పాను. ఏమీ దాచుకోకుండా మాట్లాడటం తొమ్మిదేళ్ళలో ఆ రోజే మొదటిసారి.