ఏడెన్ నుంచి ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన అద్దాలు

వచ్చాయి! నలభై ఎనిమిదికి నలభై ఎనిమిది ఫోటో అద్దాలూ వచ్చాయి, ఒక్కదానికి కూడా సూదిమొనంత వెలుతురు తగల్లేదు! ఇప్పుడే దాదీమా ఇంటి నుంచి వచ్చి, ఆదోనిలో మా అల్లుడి ఫోటో స్టూడియో ముందు గదిలో కూర్చుని ఇది రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే మన్నించండి. నేను అయిదో తరగతి వరకే చదివినవాణ్ణి. అరవై మూడేళ్ళ వయసు. అందులో యాభై ఏళ్ళు ఎమ్మిగనూరులో మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. అయినా ఫోటో సామాను చేతపట్టుకుని విమానంలో సముద్రం దాటి వచ్చినవాళ్ళు మా తట్టు ఎక్కువమంది ఉండరు. రేపు పోబోయే వాళ్ళకు పనికివస్తుందని జరిగింది జరిగినట్లు చెపుతాను.

ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే షావుకారు ఖాదర్ సాబ్ సొంత అన్నగారు చాలా ఏళ్ళుగా సముద్రం అవతల, అరబ్బుల తట్టు ఉన్న ఏడెన్ రేవులో అంగడి పెట్టుకుని ఉన్నారు. ఆయన కూతురికి అక్కడే పెండ్లి కుదిరింది. వీళ్ళ తల్లిని అందరూ దాదీమా అంటారు. ఆమె ఆదోనిలో మంచం పట్టి ఉంది, వీధి గడప కూడా దాటలేదు. మనవరాలిని పెండ్లికూతురుగా ఒక్కసారి చూసి కన్ను మూయాలని ఆమె కోరిక. వాళ్ళది ఘోషా ఇల్లు. ఆడవాళ్ళ ఫోటో మగవాడు తీయకూడదు, బొమ్మ పడిన గాజుపలకను, అంటే అద్దాన్ని, మందునీళ్ళలో మగవాడు కడగకూడదు. మా అమ్మాయి శాంతమ్మ భర్త దగ్గరే ఆ పని నేర్చుకుని, ఇలాంటి ఇండ్లకు పోయి ఫోటోలు తీస్తుంది. అందుకే షావుకారు ఆమెను అడిగాడు. మా అల్లుడు గోవిందప్ప పెండ్లిండ్ల కాలంలో స్టూడియో మూయలేడు. ఒంటరిగా పంపలేక తోడుకు నన్ను పొమ్మన్నారు. టికెట్లు షావుకారే కొన్నాడు. ధర ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

ఇందులో చిక్కు ఒకటుంది. ఏడెన్ నీళ్ళు ఉప్పన, పైగా వేడి. అక్కడ కడిగితే అద్దం మీద పూసిన మందు కరిగిపోతుందని శాంతమ్మ భయం. కాబట్టి తీసిన అద్దాలను కడగకుండానే ఆదోనికి తేవాలి. కడిగేదాకా వాటికి వెలుతురు తగిలితే బొమ్మంతా పొగబారి పోతుంది, దాదీమాకు చూపించడానికి ఏమీ మిగలదు. కెమెరాలో అద్దాలు మార్చుకోవడానికి రెండు చేతులు దూర్చే తొడుగులున్న నల్లసంచి ఒకటి వాడతారు. చేతులు లోపల, కళ్ళు బయట. పని అంతా తడుముకుంటూనే. స్టూడియోలో ఉన్న సంచిని ఎలుకలు కొట్టాయి. "కొత్తది నేను నేస్తాను" అన్నాను.

కరక్కాయ, తుప్పు ఇనుము నానబెట్టిన నీళ్ళలో మా ఇంటావిడ నాగమ్మ నూలు ముంచింది. మూడు మునకలు చాలన్నాను. "నీకేం తెలుసు, నల్లన అంటే నల్లనే ఉండాల" అని నాలుగోసారి కూడా ముంచి, ఎండబెట్టి, కండెలు చుట్టింది. నేసి, సంచి కుట్టి, నడిమధ్యాహ్నం ఎండలో నిలబడి అందులో తల దూర్చి చూశాను. అయిదు వెలుతురు చుక్కలు కనబడ్డాయి. పక్కింటి తిమ్మప్ప అటుగా వచ్చాడు.

"ఏమప్పా నీలకంఠప్పా, తలకాయ సంచిలో పెట్టుకుని నిలబడినావు? అంత సిగ్గుపడే పని ఏం సేసినావు?"

"సిగ్గు కాదులే తిమ్మన్నా, సుక్కలు ఎంచుతాండాను."

"పగలే సుక్కలు సూసేటోణ్ణి నిన్నే సూసినాను!"

ఆ గుడ్డ విప్పేసి, అడ్డనూలు పేక బిగించి మళ్ళీ నేశాను. లోపల ఇంకో పొర అడ్డంగా వేశాను. ఈసారి తల దూరిస్తే అమావాస్యే.

పాస్‌పోర్టు కాగితాలకు రెండు నెలలు పట్టింది. మశూచి టీకా, కలరా సూది వేయించుకున్నట్లు కాగితం ఉండాలి, అది లేకపోతే విమానం ఎక్కనివ్వరు. బయలుదేరిన రోజు పొద్దున ఏడింటికి ఎమ్మిగనూరులో బస్సెక్కాను. ఆదోనికి పదమూడు అణాలు, గంటంపావు ప్రయాణం.

"యాడికి పెద్దాయనా, మూటాముల్లె సర్దినావు?" అన్నాడు కండక్టరు.

"ఏడెన్‌కు."

"ఆదోనికే గదా, అంత గొంతు మార్చి సెప్తావేం?"

"ఆదోని కాదప్పా, ఏడెన్. విమానంలో పోతాండాను."

"ఓహో, ఆదోనికి విమానం ఏసినారా! మరి నా బస్సెందుకు ఎక్కినావు?"

బస్సంతా నవ్వింది. నేను మూట సర్దుకుని కిటికీ వైపు తిరిగాను.

ఆదోనిలో శాంతమ్మను కలుపుకుని బొంబాయి మెయిలు పట్టుకున్నాము. మూడో తరగతి టికెట్టు మనిషికి పదమూడు రూపాయల చిల్లర. కెమెరాను సామాన్ల పెట్టెలో వేయకుండా మా మధ్యనే బల్ల మీద కూర్చోబెట్టుకున్నాము. షోలాపూరులో ఒకాయన దాన్ని జరిపి కూర్చోబోతే శాంతమ్మ "అది మూడో మనిషి, లేపొద్దు" అంది. మర్నాడు బొంబాయి చేరి, షావుకారు బంధువుల ఇంట రెండు రోజులు ఉన్నాము.

విమానాశ్రయంలో ముందుగా సామాను తూకం వేస్తారు. మనిషికి నలభై నాలుగు పౌన్లు, ఆపైన ప్రతి పౌనుకూ డబ్బు. అక్కడే ఒక మంచి మాట తెలిసింది. కోటు, గొడుగు, చదువుకునే పుస్తకం, చంటిబిడ్డ పాలు, ఒంటి మీద తగిలించుకున్న కెమెరా, వీటికి తూకం లేదట. మా కెమెరా చిన్నది కాదు, కొయ్య పెట్టె, పది పౌన్లకు తగ్గదు. శాంతమ్మ నేను నేసిన వెడల్పు పట్టీతో దాన్ని భుజాన వేలాడేసుకుని నిటారుగా నిలబడింది. గుమాస్తా ఎగాదిగా చూసి హిందూస్తానీలో "ఇది కెమెరానా అమ్మా, కోళ్ళగూడా?" అన్నాడు.

"కోళ్ళు లేవు సార్, ఒక కన్ను మాత్రం ఉంది" అంది, ఆదోని ఉర్దూలోనే.

అతను నవ్వి వదిలేశాడు. కెమెరా నిలబెట్టే మూడుకాళ్ళ కొయ్యను మాత్రం తూకం వేసి కింద సామాన్లలోకి పంపారు. అద్దాల డబ్బాలు నల్లసంచిలో పెట్టి నా ఒడిలో ఉన్నాయి. అవి కెమెరా లెక్కలోనివే అన్నాము.

విమానంలో తల మీద వలలాగా ఒక అర ఉంటుంది. అది టోపీలకు, కోట్లకే. బరువైనది పెడితే ఎవరి నెత్తినైనా పడుతుంది. మర్యాదలు చూసే అమ్మాయి సంచిని కాళ్ళ దగ్గర పెట్టమంది. పెట్టి చూస్తే ఇంజన్ల అదురుకు లోపల అద్దాలు గలగలమన్నాయి. గొర్రెలు కాసే కురువోళ్ళు నేసిన కంబళి నాలుగు మడతలు వేసి సంచి కింద పరిచాను, గలగల ఆగింది. చెవులకు దూది, నోటికి బిళ్ళలు ఇచ్చారు. మబ్బులకు పైన ఎండ మన ఎండలా ఉండదు, కిటికీలోంచి కొలిమి దగ్గర కూర్చున్నట్లే. ఆ ఎండ కాళ్ళ మీదికి పాకినప్పుడల్లా నేను సంచిని ఇటు జరిపేవాణ్ణి. ఏడు గంటల పైచిలుకు ప్రయాణంలో సముద్రాన్ని చూసింది కొంచెమే, ఎండ ఎటు జరుగుతుందో చూసిందే ఎక్కువ.

ఏడెన్ గురించి నేను చెప్పగలిగింది తక్కువ. నాలుగు రోజుల పెండ్లి అంతా లోపలి ఇండ్లలో జరిగింది. నేను బయటి అరుగు మీద కూర్చుని పాలు లేని చాయ్ తాగుతూ, లోపలి పాటలు వింటూ, మధ్యమధ్య శాంతమ్మ తెచ్చి ఇచ్చిన డబ్బాలను నీడలో దాస్తూ ఉన్నాను. సముద్రం దాటి పెండ్లికి పోయి పెండ్లికూతురి కొంగు కూడా చూడనివాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను.

అసలు పరీక్ష తిరుగు ప్రయాణంలో వచ్చింది. మధ్యాహ్నం మూడింటికి బొంబాయిలో దిగాము. సుంకం అధికారి నల్లసంచి ఎత్తి చూశాడు. చిన్న డబ్బాలు నాలుగు, బరువు మాత్రం రాళ్ళలాగా ఉంది. ఆ దారిలో దొంగబంగారం వస్తుంటుందని ఆయన అనుమానం. ఆయన పని అది, తప్పు పట్టను. పక్కవాడితో కన్నడంలో మాట్లాడుతుంటే విని, నాకు ప్రాణం లేచివచ్చి నేనూ కన్నడం అందుకున్నాను. ధారవాడ వైపు మనిషట.

"ఏనప్పా ఇదు? డబ్బాలు తెరువు" అన్నాడు.

"తెరిస్తే వెలుతురు తగులుతుంది సార్, నాలుగు దినాల పెండ్లి మాసిపోతుంది" అంది శాంతమ్మ. నేను దాన్నే కన్నడంలో చెప్పాను.

"పెండ్లికి ఇంత బరువా? లోపల బంగారం లేదని ఏం నమ్మకం?"

అప్పుడు నేను ఊరుకోవలసింది. ఊరుకోలేదు. "బంగారానికి ఏడెన్ దాకా ఎందుకు సామీ? మా సీమలో జొన్నగిరి సేన్లల్లో వాన పడితే సాలు, జనం వజ్రాలే ఏరుకుంటారు!" అన్నాను, నవ్విద్దామని.

ఆయనకు అందులో బంగారం అన్న మాట ఒక్కటే వినబడింది. ముఖం బిగుసుకుపోయింది, ఇంకో అధికారిని పిలిచాడు. శాంతమ్మ నా వైపు తిరిగి "నాయనా, నీ నోటికి కూడా ఒక నల్లసంచి కుట్టుకోని రావాల్సింది" అంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు ఆదోనిలో మంచం మీద ఉన్న దాదీమా గుర్తుకొచ్చింది. అధికారి ఒక డబ్బా అంచు మీది కాగితానికి గోరు ఆనించాడు.

"సార్, సూడొద్దు. తడమండి" అంది శాంతమ్మ గబుక్కున, నేను కన్నడంలో అందించాను. "సంచిలో సేతులు పెట్టండి, డబ్బాలు లోపలే తెరవండి, ఒక్కొక్క అద్దం అంచు పట్టుకుని ఎంచుకోండి. మధ్యలో మాత్రం వేలు పెట్టొద్దు."

ఆయన కోటు విప్పి, రెండు చేతులూ తొడుగుల్లో దూర్చాడు. ఆయన మణికట్టు సన్నం, తొడుగు వదులుగా నిలిచింది. నేను తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి, రెండుగా చీల్చి, పెండ్లికొడుకుకు కంకణం కట్టినట్లు రెండు చేతులకూ బిగించి కట్టాను. ఆయన పైకప్పు వైపు చూస్తూ ఒకటి, రెండు అని ఎంచడం మొదలుపెట్టాడు. పన్నెండు అయ్యాక రెండో డబ్బా. చుట్టూ జనం చేరారు. మూడో డబ్బా దగ్గర ఆయన ముక్కు దురద పెట్టింది. చేతులు బయటికి తీయడానికి లేదు. "ఏయ్, కొంచెం గీకప్పా" అని పక్క అధికారిని బతిమాలుకుంటే జనం నవ్వారు, ఆయన కూడా నవ్వేశాడు. అన్నీ అయ్యేసరికి ముప్పావుగంట పట్టింది. డబ్బాలు లోపలే మూసి, చేతులు తీసి "అన్నీ గాజు ముక్కలే" అని పక్కవాడితో చెప్పి, గుడ్డను వేళ్ళతో నలిపి చూశాడు.

"ఎవరు నేసినారు దీన్ని?"

"నేనే సార్."

"ఇందులో దోమ కూడా దూరదప్పా. పో, సల్లగా పో."

కానీ వెలుతురు దోమ కంటే సన్నం కదా! కిటికీ పక్కన బల్ల, సాయంకాలపు ఎండ, ముప్పావుగంట. ఆదోనికి పోయే రైల్లో నేను సంచిని ఒడిలోంచి దించలేదు. రాయచూరు దాటాక ఆమె "అయిదు సుక్కలూ పోయినాయి గదా నాయనా?" అని ఒక్కసారి అడిగింది. "పోయినాయమ్మా" అన్నాను. నా గొంతు నాకే నమ్మకంగా వినబడలేదు.

నిన్న పొద్దున ఆమె చీకటిగదిలోకి పోయి తలుపు బిగించుకుంది. బయట బల్ల మీద నేను, నా పక్కన గోవిందప్ప. "నా సీకటిగదికి నేనే పరాయోణ్ణి అయితిని మామా" అన్నాడు పాపం. రెండు గంటలు లోపల నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. తరువాత ఆమె ఒక అద్దాన్ని కాగితంలో చుట్టి, పక్కన ఒక్క వేలెడు అంచు మాత్రం వదిలి తెచ్చి, కిటికీకి ఎదురుగా పట్టుకుంది. వెలుతురు దూరి ఉంటే ఆ అంచు మబ్బుపట్టి ఉండాలట.

"అంచు సూడు నాయనా."

తుంగభద్ర నీళ్ళు వానలకు ముందు ఎంత తేటగా ఉంటాయో అంత తేటగా ఉంది. యాభై ఏళ్ళు అంచు చూసి గుడ్డ సంగతి చెప్పినవాణ్ణి, ఇలాంటి అంచు ఎప్పుడూ చూడలేదు. అక్కడే కూర్చుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాను. గోవిందప్ప చాయ్ తెప్పించాడు.

ఈ పొద్దు శాంతమ్మ కాగితం మీద వేసిన ఫోటోలు తీసుకుని దాదీమా గదిలోకి పోయింది. నేను బయట తెర ఇవతల నిలబడ్డాను. కాగితాలు ఒక్కొక్కటే తిరగేస్తున్న చప్పుడు. తరువాత ముసలి గొంతు వినబడింది.

"ఓ ఎమ్మిగనూరు అన్నా! ఉండావా ఆడ?"

"ఉండాను బీబీ."

"మనవరాలిది నా ముక్కే! సముద్రం దాటిపోయినా నా ముక్కు యాడికీ పోలేదు సూడు!" ఆమె నవ్వింది, దగ్గింది, మళ్ళీ నవ్వింది.

"నేను సూడకూడదు గదా బీబీ. నా వంతు కూడా నువ్వే సూడు."

ఆ నలభై ఎనిమిది ఫోటోల్లో ఏముందో నేను ఎప్పటికీ చూడను. పెండ్లికూతురు తెల్లనా చామనా నాకు తెలియదు. ఇన్నాళ్ళూ నేను నేసిన చీరలు నలుగురి కంట పడడానికి నేశాను. ఈ ఒక్క గుడ్డ మాత్రం ఏదీ కనబడకుండా ఉండడానికి నేశాను, అదే ఒక ముసలామెకు మనవరాలిని చూపించింది. పోబోయే వాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే: పాడైన అద్దం ఒకటి విడిగా జేబులో పెట్టుకుని పోండి. సుంకం వాళ్ళకు ముందే దాన్ని చేతికిచ్చి, లోపల ఉన్నవీ ఇలాంటివే, తడిమి చూసుకోండి అంటే మాకు ముప్పావుగంట పట్టిన పని మీకు అయిదు నిమిషాల్లో తీరుతుంది.

ఇక ఈ మాట తెలియవలసిన వాళ్ళున్నారు. మద్దికెరలో మా అక్క, విమానం ఎక్కితే తిరిగి రానని భయపడి ముడుపు కట్టింది, ఇక విప్పమనండి. కౌతాళంలో మా బావమరిది, అతని దగ్గర నేర్చిన కన్నడమే నన్ను కాపాడిందని చెప్పండి, గర్వపడతాడు. మా తమ్ముడు, అతని భార్య, ముగ్గురు కోడళ్ళు. శాంతమ్మ మేనత్త, ఆడపిల్లకు కెమెరా ఏమిటన్న ఆవిడ, ఆమెకు రెండుసార్లు చెప్పండి. బస్సు కండక్టరు బంధువు కాకపోయినా చెప్పండి, ఆదోనికే పోయి వచ్చినానని. మా ఇంటావిడ నాగమ్మకు మాత్రం ఎవరూ చెప్పొద్దు. ఒకటిన్నరకు బస్సుంది. నాలుగో మునక ఊరికే పోలేదని ఆమెకు నేనే చెప్పాలి.