కొబ్బరికాయ లేచిన మూల

చేవెళ్లలో నాకు ఒక చిన్న డీటీపీ దుకాణం ఉండేది. పెళ్లికార్డులు, దరఖాస్తులు, జాతర కరపత్రాలు, అన్నీ ఒకే కంప్యూటర్ మీద చేసేదాన్ని. అందులో ఉన్నది దొంగ సీడీతో ఎక్కించిన విండోస్. ఊళ్లో ఎవరి పెన్‌డ్రైవ్ పెట్టినా వాళ్ల వైరస్ దానికి అంటుకునేది. గండిపేట కాలేజీలో పాఠాలు చెప్పే ఒకాయన కార్డులు వేయించుకోవడానికి వచ్చి, నా అవస్థ చూసి, విండోస్ బదులు ఉచితంగా వాడుకునే లినక్స్ సీడీ ఒకటి చేతిలో పెట్టాడు. సిస్టం మార్చేయమ్మా, వైరస్ బాధ ఉండదు అన్నాడు.

కానీ నా తెలుగు ఫాంటు అందులో పనిచేస్తుందో లేదో ఆయనకూ తెలియదు. పనిచేయకపోతే మూడేళ్లుగా చేసుకున్న కార్డులు ఒక్కటీ తెరుచుకోవు. పెళ్లిళ్ల సీజన్ ముందు ఆ పని జరిగితే దుకాణానికి తాళం వేసుకోవాల్సిందే. వారం రోజులు సీడీని చేతిలో తిప్పుతూ కూర్చున్నాను.

బాపు, అంటే మా నాన్న, ఇది చూడలేకపోయాడు. మా పొలంలో రెండు బోర్లు వట్టిపోయి, మూడోది, కొబ్బరికాయతో నీళ్ల జాడ చెప్పే ఎంకపల్లి ఆయన చూపిన చోట వేస్తే, నీళ్లు పడ్డాయి. ఆయన అరచేతిలో కాయను పడుకోబెట్టుకుని నడుస్తాడు. కింద నీళ్లుంటే కాయ నిటారుగా లేస్తుంది. అప్పటినుంచి బాపుకు ఆయన మాటే వేదం. సిస్టం మార్చాలా వద్దా అన్నదీ ఆయననే పిలిచి అడుగుదామన్నాడు.

"కంప్యూటర్ల నీళ్లెక్కడియి బాపూ?" అని మొత్తుకున్నాను.

"మంచిచెడ్డ చెప్తడు. జర ఊకో," అన్నాడు.

ఆయన వచ్చాడు. చెప్పులు బయట విడిచి, కంప్యూటర్ ఒక పక్క, స్టూలు మీద సీడీ ఒక పక్క పెట్టించి, కళ్లు మూసుకుని నడిచాడు. నాకు నవ్వు ఆగలేదు. కాయ కంప్యూటర్ దగ్గర లేవలేదు. సీడీ దగ్గరా లేవలేదు. జిరాక్స్ మిషన్ వెనక మూలలో నిక్కి నిలబడింది.

"అన్నా, గీడ రెండించుల నీళ్లున్నయి," అన్నాడు, వచ్చిన పనే మరిచిపోయి.

అప్పుడే రేషన్ కార్డు జిరాక్స్‌కు వచ్చిన, నాకు గది అద్దెకిచ్చిన ఓనరు గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. నెల తిరగకముందే నన్ను ఖాళీ చేయించి, గది కూలగొట్టించి బోరు వేయించాడు. నీళ్లు నిజంగానే పడ్డాయి. నాకు ఒళ్లు మండిపోయింది.

సామాను ఆటోలో వేసుకుని మొయినాబాద్ వచ్చాం. దారి పొడుగునా బాపుతో మాట్లాడలేదు. కొత్త గదిలో కంప్యూటర్ దించాక ఆయనే నోరు విప్పాడు.

"నీ దుకాణం పోతదేమోనని భయమైంది బిడ్డా. అందుకే ఆయనను పిలిచిన."

ఆ మాటకు నా కోపమంతా ఎటు పోయిందో తెలియదు. ఇక ఆలోచించడానికి ఏముంది? కార్డులన్నీ వేరే సీడీలోకి ఎక్కించుకుని, లినక్స్ సీడీ లోపల పెట్టాను.

"నేను బయట నిలబడాల్నా?" అన్నాడు మెల్లగా.

"ఈడనే కూసో. గీ మీట నువ్వే నొక్కు."

వేలిముద్ర వేసినట్టు బొటనవేలితో గట్టిగా నొక్కాడు. సాయంత్రానికి కొత్త సిస్టం ఎక్కింది. ఫాంటు వేసి మొదటి కార్డు తెరిచాను. ఒత్తులు కొన్ని పక్కకు జరిగాయి గానీ, పెళ్లికూతురి పేరు చక్కగా కనబడింది. వెనక బాపు, బోరుబండి పక్కన నిలబడ్డ రోజులాగే, ఊపిరి బిగబట్టుకుని ఉన్నాడు.

"పడ్డయా బిడ్డా?"

"పడ్డయి బాపూ," అన్నాను.