కొట్టిపారేయలేం అన్న మాట

అమీర్‌పేట మెట్రో స్టేషన్ కింద టీ తాగుతుంటే పైనుంచి రైలు పోయింది. చేతిలో గ్లాసు సన్నగా అదిరింది. అంతే, సుభద్ర మేడమ్ గుర్తొచ్చారు. భూకంపాల మీద పనిచేసే మా పరిశోధన విభాగానికి ఆమె పెద్ద. కోస్తా మనిషి, శ్రీనగర్ కాలనీలో ఉండేవారు. నేను అప్పుడే చేరాను, మధురానగర్ హాస్టల్లో నా మకాం. నా వ్యాసాల్లో ఎక్కడ "రాదు" అని కనిపించినా కొట్టేసి, "వచ్చే అవకాశాన్ని కొట్టిపారేయలేం" అని రాసేవారు. శాస్త్రవేత్తల మధ్య అది మామూలు మాట, వింటే ఎవరూ తలైనా ఎత్తరు.

ఒకనాడు పొద్దున్నే ఊరు లీలగా కదిలింది. భూకంపం వచ్చింది ఎక్కడో దూరాన. ఇక్కడ ఫ్యాన్లు ఊగి ఊరుకున్నాయి. కానీ కాసేపటికే ఫోన్లలో పుకారు పాకింది, మధ్యాహ్నం పన్నెండింటికి ఇంకా పెద్దది వస్తుందని. హాస్టల్ అమ్మాయిలంతా సందులోకి వచ్చిపడ్డారు. ఎవరూ మళ్ళీ పైకి పోకుండా వార్డెన్ యాదమ్మక్క మెట్ల గేటుకు తాళం వేసేసింది. నా గదిలో ఉండే మౌనికకు ఏడుపొక్కటే తక్కువ. ఒంటిగంటకు పంజాగుట్టలో ఇంటర్వ్యూ, సర్టిఫికెట్లేమో నాలుగో అంతస్తులో. "అక్కా, జర నువ్వన్న చెప్పరాదే. ఈ జాబ్ సుత పోతే మా నాయిన ఊరికి రమ్మంటడు" అంది. నా మాట యాదమ్మక్క చెవికెక్కలేదు. మేడమ్‌కు ఫోన్ చేస్తే ఆటో ఎక్కి వచ్చేశారు.

"మేడమ్, పన్నెండుకి వస్తదా, రాదా? గదొక్కటి చెప్పుండ్రి" అంది యాదమ్మక్క.

"అలా టైము చెప్పడం ఎవరి వల్లా కాదమ్మా. ఆ మెసేజ్ అబద్ధం. అయితే, మరొకటి వచ్చే అవకాశాన్ని పూర్తిగా కొట్టిపారేయలేం."

అయ్యో, ఆ మాట ఎందుకన్నారు! "ఇన్నరా, వస్తదంట!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. తోపులాటలో ఒకమ్మాయి కిందపడింది. యాదమ్మక్క తాళంచెవి కొంగున ముడేసుకుంది. మేడమ్ మొహం పాలిపోయింది. ఆ క్షణాన నాకు ఆమె మీద ఒళ్ళు మండిపోయింది.

ఆమె వెళ్ళి, హాస్టల్ కింది పార్కింగు స్తంభాలన్నీ వంగి వంగి చూసి వచ్చారు. "నేను సరిగా చెప్పలేదమ్మా, మళ్ళీ చెబుతాను. వస్తుందో రాదో నాకు తెలియదు. నిన్న రాత్రి పడుకున్నప్పుడూ తెలియదు. ఇవాళ కొత్తగా పెరిగిన ప్రమాదం దాదాపు ఏమీ లేదు. స్తంభాలకు ఎక్కడా బీట లేదు. నా కూతురైతే పైకి పంపుతాను. ముందు నేనే వెళ్తున్నాను, తాళం తియ్యి."

యాదమ్మక్క ఆమెను ఎగాదిగా చూసింది. "మీరు పోతరా? నిజంగ?" అని ముడి విప్పింది.

మేడమ్, మౌనిక, నేను ముగ్గురం మెట్లెక్కాం. మౌనిక ఫైలు చంకన పెట్టుకుని ఒక్క పరుగున దిగిపోయింది. మేడమ్ మాత్రం మౌనిక మంచం మీద కూర్చున్నారు.

"పన్నెండు కావస్తోంది మేడమ్, దిగుదాం."

"ఏంటి దిగేది? ఇప్పుడు దిగితే నేను చెప్పింది ఎవరు నమ్ముతారు? కూర్చో."

చూస్తే ఆమె చేతులు వణుకుతున్నాయి. "మీకూ భయమా?" అని అడిగేశాను.

"ఎందుకుండదు? తెలియదన్నాను కదా."

పన్నెండు దాటింది. మరికాసేపటికి మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. అమ్మాయిలు ఒక్కొక్కరే పైకి వస్తున్నారు.

మౌనికకు ఆ ఉద్యోగమే వచ్చింది. మేడమ్ ఇప్పుడు లేరు. సదస్సులకిచ్చే వ్యాసాల్లో నేనింకా "కొట్టిపారేయలేం" అనే రాస్తాను. భూమి కదిలినప్పుడు కాలనీల్లో జనం ముందు నిలబడితే మాత్రం తెలియదని చెప్పి, నేనైతే ఏం చేస్తానో కూడా చెబుతాను. ఆమధ్య ఒక పెద్దాయన, "నీకు భయమైతలేదా బిడ్డా?" అని అడిగాడు. అప్పటికే నా చేతులు వణుకుతున్నాయి. వెనక్కి దాచుకోలేదు, ఆయనకు చూపించాను.