అక్క తరఫు వకాల్తా

ఆ వీధి టైలరుకు మనుషులంటే చులకన. ఏళ్ళ తరబడి అందరి నడుములూ మెడలూ కొలిచి, ఎవరి సరుకెంతో తనకు తెలుసనుకునేవాడు. "ఛాతీ అక్కడే ఉంది గానీ పొట్టకు మాత్రం ప్రమోషనొచ్చిందండీ" అని మొహం మీదే అనేవాడు. కుట్టు బాగుంటుందని జనం పడేవారు.

అలాంటివాడు వీధి సభకు వెళ్ళాడంటే కారణం ఒకటే, చెత్తకుండీ. అది ఎన్నాళ్ళుగానో అతని అక్క టీ కొట్టుకు ఆనుకునే ఉంది. ఎక్కడుంచాలో మీరే కూర్చుని తేల్చుకోండని మునిసిపాలిటీ వాళ్ళు కబురు పెట్టారు. వీధిలో ఖాళీ జాగా ఇంకొక్కచోటే ఉంది, ఎదురుగా టైలరు షాపు ముందు. అక్కడికొస్తే కొత్త బట్టలకూ కంపు పట్టుకుంటుంది, బేరాలు పక్క వీధికి పోతాయి. పైగా అక్కాతమ్ముళ్ళకు ఏళ్ళుగా మాటలు లేవు. తల్లి కుట్టుమిషను ఎవరికి చెందాలన్న తగువది. చెందింది తమ్ముడికే.

సభ బడి గదిలో పెట్టారు. పిల్లల బెంచీల్లో మోకాళ్ళు ఇరికించుకుని పెద్దలు కూర్చున్నారు. కిరాణా కొట్టాయన కుండీతో మొదలుపెట్టి అల్లుడి ఉద్యోగంలో తేలాడు. రిటైరైన మాస్టారు అందరినీ మాట్లాడనివ్వాలని అరుస్తూ ఎవర్నీ మాట్లాడనివ్వలేదు. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అంటారు గానీ, ఇక్కడ మజ్జిగే లేదు, అంతా నీళ్ళే. టైలరు గోడకు చేరగిలి ఆవలించాడు.

చివరికి, సభ చూడ్డానికొచ్చిన మునిసిపాలిటీ ఆఫీసరమ్మకు విసుగొచ్చింది. "ఇలా కాదండీ. ఎవరి గోడు వాళ్ళు చెప్పొద్దు, ఎదుటివాళ్ళది చెప్పండి. టైలరు గారూ, మీరు టీ కొట్టు ఆవిడ తరఫున మాట్లాడండి."

అతనికి ఒళ్ళు మండింది. కానీ అంతసేపూ విన్న సోది వాగుడుకు అంతకన్నా మండి ఉంది. మాట్లాడటమంటే ఏమిటో ఈ దద్దమ్మలకు చూపిద్దామని లేచాడు.

"ఆవిడ తెల్లారకుండానే వచ్చి, ముందు ఆ కుండీ చుట్టూ కడుగుతుంది. తర్వాతే పొయ్యి వెలిగిస్తుంది. ఎండెక్కితే ఈగలు. ఒక చేత్తో టీ పోస్తుంది, రెండో చేత్తో విసురుతూనే ఉంటుంది. వానొస్తే ఆ మురికంతా కొట్టులోకే. పోయినేడు జ్వరంతో కొట్టు మూసుకుంటే, టీ దొరకలేదని తిట్టుకున్నవాళ్ళే గానీ ఎలా ఉన్నావని అడిగినవాడు లేడు. కూతురు కూడా కొంగు వాసనొస్తోందని పక్కకి జరుగుతుంది. అప్పుడావిడ నవ్వేస్తుంది."

మాస్టారు సైతం నోరు మూశాడు. టైలరు దాన్ని తన వాక్చాతుర్యానికి దక్కిన మర్యాద అనుకుని మీసం సవరించుకున్నాడు. ఒళ్ళంతా గర్వం, బుర్ర మాత్రం ఖాళీ.

కుండీ అక్కణ్ణుంచి మార్చాలనేవాళ్ళు చేతులెత్తమన్నారు. లేవనివి రెండే, అతనిదీ అక్కదీ. కుండీ టైలరు షాపు ముందుకు వచ్చేసింది. తన గొయ్యి తానే తవ్వుకున్నాడని కిరాణా కొట్టాయన కిసుక్కున నవ్వాడు.

అందరూ కదిలిపోతుంటే అక్క వచ్చి అతని ముందు నిలబడింది.

"ఇదంతా నీకు తెలుసా?"

"ఎదురుగానే కదా అక్కా కొట్టు. కనపడదా ఏంటి?"

"నీకు కనపడట్లేదేమోలే అని ఇన్నాళ్ళూ సరిపెట్టుకున్నానురా."