మామిడి చెక్కలో తొమ్మిదో వంతు

ఇది మహాయుద్ధం కథ. ఒక రాజ్యం, దానికోసం ఇద్దరు వీరులు, నడుమ నలిగిపోయిన జనం. చెప్పుకుంటూ పోతే పర్వాలకు పర్వాలే.

అంత లేదులెండి. రాజ్యమంటే ఆరో తరగతి, ఆయుధమంటే సుద్దముక్క. చిత్తూరు పక్కన ఒక బడిలో నేనూ ఇంకొకాయనా అయ్యవార్లుగా కొత్తగా చేరినాం. ఆరో తరగతి లెక్కలు ఇద్దరిలో ఒకరికే. రెండోవాడికి డ్రిల్లు. ఇద్దరూ ఒకే పాఠం చెప్పండి, కిటికీలోంచి చూసి తేలుస్తానన్నాడు హెడ్మాస్టరు. పాఠం, భిన్నాన్ని పూర్ణసంఖ్యతో భాగించడం. నాకు ఎట్లయినా లెక్కలే కావాల. ఈల ఊదితే దగ్గొస్తాది.

మొదట ఆయన. వాళ్ల నాయనకు తిరుపతిలో ఒక గుడి వంటశాలలో పని. అరచేయంత మిరియాల వడ తెచ్చినాడు. సగం పక్కన పెట్టి, మిగతా సగాన్ని మూడు ముక్కలు చేసి, ఇట్లాంటివి నిండు వడకు ఎన్నొస్తాయని అడిగినాడు. ఆరు అన్నారు పిల్లోళ్లు. అయితే సగాన్ని మూడుతో భాగిస్తే ఆరో వంతు. పాఠం అయిపోయింది, వడ కూడా. హారాన్ని మూడుతో గుణించాలనే సూత్రం వారం నుంచి బట్టీ పట్టిన నేను వసారాలో ఆ వాసన పీల్చుకుంటూ నిలబడినాను. అసూయను కడుపుమంట అంటారు. నాకది ఆకలి మాదిరే ఉండింది.

వడకు జవాబు మామిడే అనుకున్నాను. మా నాయనకు తోట ఉండాది. మరుసటి రోజు తెల్లచొక్కా తొడిగి, పిల్లోళ్ల ముందర తోతాపురి కాయ తొడిమ తుంచి, ఒక పక్క చెక్క కోసి పైకెత్తినాను. చెక్కంటే సగమే కదా అని, బోర్డు మీద జవాబు ఆరో వంతని ముందే రాసిపెట్టుకున్నాను, తెలివి.

"ఇది ఎంత?"

"మూడో వంతు సార్," అనింది ముందు బెంచీ పాప.

క్లాసంతా అవునన్నట్టు తలలూపింది. ఎందుకూపదు? మా పక్క ఏ ఇంట్లోనైనా కాయంటే మూడు భాగాలు. రెండు చెక్కలు, ఒక టెంక. టెంక వచ్చినోడు దాన్ని తెల్లగా చీకి, నా వాటా తిన్నానంటాడు. ఇంట్లో చిన్నోణ్ణని నా వాటా ఎప్పుడూ టెంకే. అది నేను మరిచిపోయినాను, వాళ్లు మరవలేదు. ఆ చెక్కను మూడుతో భాగించమంటే తొమ్మిదో వంతని ఒకే గొంతుతో చెప్పినారు.

"ఏమప్పా, బోర్డు తప్పా, పిల్లోళ్లు తప్పా?" కిటికీలోంచి హెడ్మాస్టరు.

నేను డస్టరు కోసం వెతుక్కుంటుంటే, ఆయన పక్కనున్న వడాయన అందుకున్నాడు. "పిల్లోళ్లే కరెక్టు సార్. మూడో వంతును మూడుతో భాగిస్తే తొమ్మిదో వంతే. నా వడకు లెక్క నేను చెప్పినా. ఈయన కాయకు వాళ్లే కట్టుకున్నారు."

ఆ మాటతో క్లాసు నాకే ఇచ్చినారు. అదీ ఆయన పెట్టిన ప్రసాదమే.

మనిషి ఓడిపోయినా చిన్నబోడే. ఇప్పుడు మైదానంలో ఆయన ఈల ఊదుతాడు, చక్కగా, దగ్గు లేకుండా. గంట కొట్టగానే నా పిల్లోళ్లు ఆయన దగ్గరికి పరిగెత్తుతారు. నా దగ్గరికి నడిచి వస్తారు, అదీ వరసలో. ఆ వరస కూడా ఆయన నేర్పిందే.

తెల్లచొక్కా మీద పడిన మామిడి సొన మరక చాకలి సోడాకు కూడా పోదు.