స్వర్ణముఖి పేరు మార్చొద్దు

నిన్న పొద్దున ఏడున్నరకి ఫోన్. నేను బస్సులో ఉన్నాను, తిరుపతికి ఆఫీసుకి పోతూ.

"స్వర్ణముఖి పోయింది" అంది మా వదిన.

మా వదిన కూతురి పేరు కూడా స్వర్ణముఖే. రెండో తరగతి. ఏ స్వర్ణముఖి అని అడగడానికి నాకు నోరు రాలేదు.

"అక్క" అంది వదిన.

పాప కాదని ఊపిరి పీల్చుకున్నాను.

అక్క పోయిందని విని ఊపిరి పీల్చుకున్నాను. దీన్ని నేను ఎట్లా మర్చిపోయేది.

సొంత అక్క కాదు, మా వీధిలో అక్క. ముప్పై రెండేళ్లు. నర్సు. ఆరు రోజులు జ్వరం. మొదటి రెండు రోజులు మాత్ర వేసుకుని డ్యూటీకి పోయింది. తర్వాత ప్లేట్‌లెట్స్ పడిపోయాయి.

మాది స్వర్ణముఖి ఏటి గట్టున కాలనీ. ఏడాదిలో ఎక్కువ రోజులు ఏట్లో ఇసకే. అక్క పుట్టిన రోజు మాత్రం నీళ్లొచ్చాయట. వాళ్ల నాయన ఇసక ట్రాక్టర్లకి లోడింగ్ చేసేవాడు. బిడ్డకి ఏటి పేరే పెట్టాడు.

అప్పట్లో ఆ పేరు ఇంకెవరికీ లేదు. "ఎండిపోయే ఏటి పేరా అప్పా, బిడ్డకి?" అని నవ్వారట.

"ఎండిపోతే మాత్రం, దాని పేరేమన్నా మారిపోయినాదా?" అన్నాడట ఆయన.

కాలనీలో పది పాసైన మొదటి ఆడపిల్ల అక్క. మా ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని నేను.

తొమ్మిదిలో నన్ను మాన్పించేస్తే, అక్క నర్సింగ్ కాలేజీ యూనిఫాంతోనే వచ్చి మా గడపలో కూర్చుంది. "పిన్నమ్మా, అన్నం పెట్టు. ఇది బడికి పోయేదాకా నేను లేసేది లేదు" అంది.

రెండు పూటలు తినింది. మూడో పూటకి మా అమ్మే నా బ్యాగు తెచ్చి చేతిలో పెట్టింది. "దీన్ని మేపేదానికన్నా నిన్ను సదివించేదే మేలు."

మా వదిన కాన్పు అక్క చేతుల మీదే జరిగింది. పాపకి అక్క పేరు పెడదామని మొదట అడిగింది నేను.

మా వైపు చనిపోయిన పెద్దోళ్ల పేర్లే పెడతారు. మా అవ్వ ఒప్పుకోలేదు. "బతికుండే మనిషి పేరు పెడితే, ఆ మనిషి ఆయుస్సు బిడ్డకి పోతాది" అంది.

అక్క నవ్వింది. "నాకు నూరేళ్లుండాయిలే అవ్వా. కొంచెం తీసుకోనీ" అంటూ పాపని ఎత్తుకుంది.

ఆ తర్వాత కాలనీలో ఆడపిల్ల పుడితే చాలు, అదే పేరు. ఇప్పటికి తొమ్మిది మంది. అంగన్‌వాడీలో అటెండెన్స్ పిలిస్తే నలుగురు ఒకేసారి లేస్తారు. టైలరమ్మ స్వర్ణముఖి, పాలోళ్ల స్వర్ణముఖి, పళ్లు లేని స్వర్ణముఖి. అక్క లీవుకి వస్తే అందరినీ వరసగా కూర్చోబెట్టి గోళ్లు కత్తిరించేది.

నిన్న అక్కని మట్టి చేసి వచ్చాం. సాయంత్రం పిల్లల్ని ఇళ్లలోకి పిలిచే వేళయింది.

ఒక్కరూ ఆ పేరు పిలవలేదు.

"పాపా" అన్నారు. "ఏమే, రా" అన్నారు. పోయి చెయ్యి పట్టుకుని తెచ్చుకున్నారు.

ఆధార్‌లో పేరు మార్చాలంటే ఏం కావాలని టైలరమ్మ నన్నే అడిగింది. చదువుకున్నదాన్ని కదా.

మా అవ్వ నా వైపు చూసింది, అంతే.

వదినది ఒకటే మాట. "మనమే తినేసినాం కదా ఆ పిల్లని."

నేను బీఎస్సీ చదివాను. పేరు పెడితే జ్వరం రాదని నాకు తెలుసు. తెలిసి కూడా నిన్నటి నుంచి అదే అనుకుంటున్నాను. ఆ రోజు నేను నోరు మూసుకుని ఉంటే అక్క ఉండేదేమో అని.

అక్క వాళ్ల నాయన గడపలో కూర్చుని వీధి వైపు చెవి పెట్టి ఉన్నాడు, పొద్దు గూకేదాకా. ఆఖరికి నన్ను పిలిచాడు.

"పిల్లోళ్లంతా యాడికి పోయినారమ్మా? ఒక్కరినీ పిలిసేది ఇనపడలేదే."



మా కాలనీ వాళ్లకి దండం పెట్టి అడుగుతున్నాను. చదవడం రాని అమ్మలకి ఎవరైనా ఇది చదివి వినిపించండి. పేరు మార్చొద్దు. ఈ సాయంత్రం ఎప్పట్లాగే వీధి చివరిదాకా వినపడేట్టు పిలవండి. ఆయన కూర్చునే ఉంటాడు.

మా ఇంటి ముందు నిలబడి మొదట నేను పిలుస్తాను.

ఏట్లో ఇప్పుడు చుక్క నీళ్లు లేవు. అయినా అది స్వర్ణముఖే.

పోయిరా అక్కా. ఇంక డ్యూటీ లేదు, నెమ్మదిగా నిద్రపో.